తూముకు ఓట్లు

రాగులపల్లె బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే విద్యాసాగర్‌కు, తెలిసిన సంగతికీ తెలియని సంగతికీ తేడా లేకుండా దేనిమీదైనా గట్టిగా అభిప్రాయం చెప్పేసే జబ్బు ఉండేది.

మనిషి చెడ్డవాడు కాదు సుమా. ముసలివాళ్ళ పింఛను కాగితాలు విసుక్కోకుండా నింపి పెట్టేవాడు. పరీక్షల రోజుల్లో పిల్లలకు హాల్ టికెట్లు ఊరికే తీసి ఇచ్చేవాడు. కానీ ప్రింటరులోంచి కాగితం బయటికి వచ్చే ఆ నాలుగు క్షణాలు కూడా అతని నోరు ఊరుకునేది కాదు.

"అసలు రాజకీయ నాయకులు ఎందుకండీ?" అని అడిగేవాడు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే, "అక్కర్లేదు! అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. పొద్దున్నే దేశమంతా ఒక్కసారి బటన్ నొక్కితే మధ్యాహ్నానికి చట్టం తయారు" అని జవాబు కూడా తనే చెప్పేవాడు. అదీ అతని పద్ధతి. ప్రశ్నా అతనిదే, జవాబూ అతనిదే. ఎదుటివాడికి మిగిలేది తల ఊపడం ఒక్కటే.

సెంటర్ పక్కనే ఓదేలు కటింగ్ షాపు ఉండేది. విద్యాసాగర్ రోజూ అక్కడికి వెళ్ళి, గడ్డం పెరిగినా పెరగకపోయినా కుర్చీలో కూర్చునేవాడు.

"కులం పోవాలంటే ఏం చెయ్యాలి ఓదేలూ? పేర్లు తీసెయ్యాలి. పుట్టగానే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వాలి. నంబరుకు కులం ఉండదు."

ఓదేలు కత్తి నూరుతూ ఆలోచించాడు. "మంచిదే అన్నా. మరి పెండ్లి పత్రికల ఏమని అచ్చేస్తరు? పన్నెండు వేల ఆరుకూ, నలభై వేల తొమ్మిదికీ లగ్గమనా?"

"నీకు చూపు దగ్గరది ఓదేలూ. నేను వందేళ్ళ ముందుకు చూస్తాను."

"ముందుకు చూడకన్నా, పైకి చూడు. గడ్డం కింద కత్తి ఉన్నది" అన్నాడు ఓదేలు.

విద్యాసాగర్‌కు ఒక యూట్యూబ్ చానెల్ కూడా ఉండేది. పేరు 'సాగర్ దృక్పథం'. దానికి నలభై ఒక్కమంది చందాదారులు. అందులో ముగ్గురు అతనే. తన మూడు ఫోన్లతో తన మాటలు తనే మూడుసార్లు మెచ్చుకునేవాడు. ఇంట్లో మాట వింటే వెలిగే బల్బు పెట్టాడు. 'వెలుగు' అంటే అది వెలిగేది, 'చాలు' అంటే ఆరిపోయేది. అతని భార్య స్వరూప కూర వడ్డిస్తుంటే, "చాలు" అనేవాడు. ఠక్కున చీకటి! ఆ చీకట్లో రెండో గరిటె ఒళ్ళో పడేది. చివరికి స్వరూప ఆ బల్బు పీకి పెట్టెలో పెట్టి, మామూలు స్విచ్చుతో పని కానిచ్చింది.

స్వరూపకు తల్లిగారు రాసిచ్చిన రెండెకరాల మడి ఉండేది. నాటు వేసేదీ, మందు చల్లేదీ, కూలీలను పిలిచేదీ అంతా ఆవిడే. విద్యాసాగర్ ఎప్పుడైనా స్కూటరు మీద వెళ్ళి, తారురోడ్డు మీదే ఆగి, అన్నం డబ్బా ఇచ్చి వచ్చేవాడు. చెప్పులకు మట్టి అంటితే అతనికి చిరాకు. అయితే స్త్రీల హక్కుల మీద మాత్రం అతని వీడియోలు ఏడు ఉండేవి. "స్త్రీకి ఆస్తి ఉండాలి! ఓటుండాలి! మాటుండాలి!" అని బల్ల గుద్ది చెప్పేవాడు. ఆ గుద్దుడుకు చాయ్ ఒలికితే స్వరూప వచ్చి తుడిచేది.

ఇదిలా ఉండగా ఆ ఏడు వానలు సరిగా పడలేదు. రెండో పంటగా యాసంగి వరి నాటే నాటికి ఊరచెరువు సగానికి లోపే ఉంది.

రాగులపల్లెలో చెరువు తూము తెరిచి మూసేదీ, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూసేదీ రాజలింగు అనే ముసలాయన. ఆ పని చేసేవాణ్ణి అక్కడ నీరటి అంటారు. రాజలింగు తండ్రీ నీరటే, తాతా నీరటే. తూము షట్టరు తిప్పే బారెడు ఇనుప హ్యాండిల్ ఎప్పుడూ ఆయన భుజం మీదే ఉండేది. కోతలప్పుడు ప్రతి రైతూ ఆయనకు కొన్ని కుంచాల వడ్లు కొలిచి ఇచ్చేవాడు. చెరువు నిండుగా ఉన్న ఏడు ఎవరికి ఎప్పుడు నీళ్ళు పోయినా పట్టింపు లేదు. నీళ్ళు తక్కువైన ఏడు మాత్రం ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. కాలువ కొసన ఉన్న మళ్ళు ముందు తడవాలి. తరువాత ఒక్కొక్కటీ వెనక్కి వస్తూ, తూము పక్కన ఉన్న మడి అన్నిటికన్నా ఆఖరున తడవాలి.

ఈ సంగతి ఒకరోజు ఓదేలు షాపులో విద్యాసాగర్ చెవిన పడింది. సగం గడ్డం గీసి ఉంది. అలాగే లేచి నిలబడ్డాడు.

"ఏమిటీ? తూము పక్కన ఉన్నవాణ్ణి వదిలేసి, మూడు కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి ముందా? ఇందులో శాస్త్రం ఉందా? లేదు! ఇరవై ఒకటో శతాబ్దంలో ఒక ముసలాయన భుజం మీది ఇనుపకడ్డీ చెప్పినట్టు ఊరు నడవాలా? నడవకూడదు!"

"కూసో అన్నా. ఇంకో దవడ ఉన్నది" అన్నాడు ఓదేలు.

కూర్చోలేదు. సగం గడ్డంతోనే సెంటర్‌కు పోయి, వారం రోజులు తలుపులు దగ్గరగా వేసుకుని 'జలన్యాయం' అనే యాప్ తయారు చేశాడు. ఊరి మ్యాపు ఫోనులో పెట్టాడు. ఏ మడి తూముకు ఎంత దూరమో యాప్ కొలుస్తుంది. రైతులు ఓటేసి పద్ధతి నిర్ణయిస్తారు. షట్టరుకు ఒక మోటారు. ఫోనులో నొక్కితే తూము తెరుచుకుంటుంది, నొక్కితే మూసుకుంటుంది. ఎవరి వంతు అయిపోతే వాళ్ళ పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది.

పంచాయతీ ఆఫీసు ముందు మధ్యాహ్నం పూట సభ పెట్టారు. మొగవాళ్ళంతా వచ్చారు. ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. వాళ్ళు మళ్ళల్లో కలుపు తీస్తున్నారు. స్త్రీలకు మాట ఉండాలని ఆ సభలో కూడా విద్యాసాగర్ ఐదు నిమిషాలు మాట్లాడాడు.

"మనిషికి బంధువులుంటారు, పక్షపాతం ఉంటుంది. యంత్రానికి అత్త లేదు, బావమరిది లేడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు బాల్రెడ్డి. తూము పక్కన మొదటి ఆరెకరాలు ఆయనవే మరి!

రాజలింగు మెల్లగా లేచాడు. "సారూ, నాకు ఫోనుల సంగతి ఎరుకలేదు. కొస నుంచి పారిచ్చుడు మా తాతలనాటి నుంచి ఉన్నది..."

"ఎందుకుంది?" అన్నాడు విద్యాసాగర్. రాజలింగు గొంతు సవరించుకునేలోపే, "అలవాటు కాబట్టి ఉంది! అంతకు మించి కారణం లేదు!" అని తేల్చేశాడు.

రాజలింగు తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర స్వరూపకు ఈ సంగతి తెలిసింది. ఆవిడ గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆవిడ రెండెకరాలు సరిగ్గా కాలువ కొసన ఉన్నాయి. వరి మరో పక్షానికి పొట్టకొస్తుంది. పొట్ట మీదున్న వరికి ఒక్క తడి తప్పితే గింజ పాలు పోసుకోదు, అంతా తాలే. ఏడాది తిండి గింజలు ఆ మడివే.

"ఏమయ్యా, కొస నుంచే ఇడువుమని చెప్పు. లేకుంటే మునుగుతం" అంది.

విద్యాసాగర్ తల ఊపాడు.

"ఇంటున్నవా? కొసకే ఓటు వెయ్యాలె."

మళ్ళీ తల ఊపాడు. మూడోసారి చెప్పింది. మూడోసారీ ఊపాడు. పాపం, ఆవిడకేం తెలుసు! జుట్టు కింద అతని రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. వందేళ్ళ తరువాత మానవజాతి ఎలా ఉంటుందో ఎక్కడో ఎవరో మాట్లాడుతుంటే, అతను వాళ్ళకు తల ఊపుతున్నాడు.

రెండు రోజులకు ఓటింగు జరిగింది. ఫోను సరిగా లేనివాళ్ళ పేర్లు విద్యాసాగరే యాప్‌లో ఎక్కించాడు. స్వరూప పేరు పక్కన తన నంబరే పెట్టాడు.

"నా ఓటు ఎప్పుడెయ్యాలె?" అని అడిగింది స్వరూప.

"నీకెందుకు శ్రమ? నీ తరఫున నేనే వేసేశాను. నీ మేలు కోసమే వేశాను."

స్వరూప మనసు కుదుటపడింది. మూడుసార్లు చెప్పింది, మూడుసార్లు తల ఊపాడు, ఇంకేం కావాలి?

కానీ విద్యాసాగర్ లెక్క వేరు. స్వరూప మడి ఎక్కడుంది? తారురోడ్డు పక్కన. తారురోడ్డు ఎక్కడుంది? చెరువు కట్టను ఆనుకుని. స్కూటరు మీద రెండు నిమిషాలు. మ్యాపులో చూసినా తూముకు జానెడు దూరమే. అంటే తమది మొదటి మడి! అందుకని 'తూము దగ్గరి నుంచి' అన్నదానికి భార్య ఓటు కూడా నొక్కేశాడు.

అయ్యా, నీళ్ళు స్కూటరు ఎక్కి రావు కదా! చెరువుకూ ఆ మడికీ మధ్య ఒక రాతిగుట్ట అడ్డం ఉంది. కాలువ ఆ గుట్ట చుట్టూ తిరిగి, మూడు కిలోమీటర్లు ఊరి మళ్ళన్నీ చూసుకుని, అలిసి సొలిసి ఆఖరున అక్కడికి చేరుతుంది. రోడ్డు మీద మొదటిదైన మడి నీళ్ళకు చిట్టచివరిది. ఈ ముక్క ఊళ్ళో పశువులు కాసేవాళ్ళకు కూడా తెలుసు. విద్యాసాగర్‌కు తెలియదు.

ఓటింగులో 'తూము దగ్గరి నుంచి' అన్నదే గెలిచింది. అటువైపు రైతులే ఎక్కువమంది మరి. స్వరూప ముఖం వాడిపోయింది.

"నువ్వు ఏసినా గిట్లనే అయిందా?" అంది.

"ప్రజల తీర్పును గౌరవించాలి స్వరూపా" అన్నాడు విద్యాసాగర్ గంభీరంగా. తను గెలిచానని అతను అనుకుంటున్నాడు. ఓడాడని ఆవిడ అనుకుంది.

వరి పొట్టకొచ్చింది. మోటారు బిగించారు. రాజలింగు తన ఇనుప హ్యాండిల్ పంచాయతీ ఆఫీసులో అప్పజెప్పి, భుజం తడుముకుంటూ ఇంటికి పోయాడు. నలభై ఏళ్ళుగా బరువు మోసిన భుజానికి ఆ రోజు ఏమీ లేకపోవడం ఆయనకు బాధగా ఉంది.

విద్యాసాగర్ కటింగ్ షాపు కుర్చీలో కూర్చునే తూము తెరిచాడు. "చూశావా ఓదేలూ? కాలు కదపకుండా ఊరికి నీళ్ళిచ్చాను!"

ఓదేలు ఆ రోజు తలెత్తకుండా కత్తి నూరుకున్నాడు. వాళ్ళ అన్న మడి కూడా కొసనే ఉంది.

మొదటి రోజు తూము పక్క మళ్ళు తడిశాయి. తడిసినా ఎవరూ గండ్లు మూసుకోలేదు. వెనకాల ఎవరో ఎదురుచూస్తున్నారని వాళ్ళకేం తొందర? పూర్వమైతే కొస తడిసేదాకా మొదటివాళ్ళు వంతు కోసం కాచుకుని, కాలువలో చుక్క వృథా పోకుండా తామే కాపలా ఉండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ కడుపు ముందే నిండింది. బాల్రెడ్డి మడి నిండి, గట్టు పొర్లి, నీళ్ళు వాగులోకి పోయాయి. యాప్ మాత్రం గంటలు చూసుకుని టిక్కులు పెడుతూ పోయింది. మ్యాపులో దూరం చూసుకుని, రెండోరోజే స్వరూప పేరు పక్కన కూడా పచ్చ టిక్కు పెట్టేసింది.

ఐదు రోజులు గడిచాయి. చెరువులో నీటిమట్టం దిగింది. కాలువ నడిమికి వచ్చేసరికి నీళ్ళు మడమ లోతే. కొసకు తేమ కూడా చేరలేదు.

"మన వంతు ఎప్పుడయ్యా?" అని అడిగింది స్వరూప.

"అయిపోయిందిగా! రెండోరోజే. ఇదిగో, పచ్చ టిక్కు."

"ఏడ అయింది? మడి నెర్రెలు వాసింది. నేనిప్పుడు ఆడికెళ్ళే వస్తున్న!"

"ఫోను అబద్ధం చెప్పదు స్వరూపా. నువ్వే సరిగా చూసి ఉండవు."

పొద్దున్నుంచి ఆ మడిలో నిలబడి, ఎండిన వరి ఆకు చేత్తో పట్టుకుని ఏడ్చి వచ్చిన మనిషి ఆవిడ. కళ్ళకు కనబడింది కాదని ఫోను చెబుతోందట! ఆవిడకు ఎక్కడో కాలింది. కొంగు నడుముకు దోపుకుని నేరుగా రాజలింగు ఇంటికి నడిచింది.

మరునాడు పొద్దున్నే రాజలింగు ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చాడు.

"సారూ, కాలువ కొసన ఒక ఆడమనిషి మడి ఎండిపోతున్నది. ఏడాది తిండి పోతున్నది. అడిగేటోడు లేడు. మీ చానెల్ల నాలుగు మాటలు చెప్తిరంటే నలుగురికీ తెలుస్తది."

విద్యాసాగర్ కళ్ళు మెరిశాయి. అన్యాయం! ఆడమనిషి! కాలువ కొస! ఇంతకంటే మంచి వీడియో ఏముంటుంది?

"పద రాజలింగూ! రోడ్డు మీద స్కూటరు తీస్తాను."

"రోడ్డు మీంచి వద్దు సారూ. కాలువెంట నడుద్దాం. నీళ్ళు ఎట్ల పోతయో అట్లనే పోదాం."

నడక మొదలైంది. తూము దగ్గర విద్యాసాగర్ ఉత్సాహంగా ఉన్నాడు. అర కిలోమీటరులో ఒక చెప్పు బురదలో ఇరుక్కుని ఉండిపోయింది. కిలోమీటరులో రెండో చెప్పు తనే వదిలేశాడు. ఒక గండి దాటబోయి నడుము దాకా దిగబడితే, రాజలింగు చెయ్యి పట్టి లాగాడు. ఫోను మాత్రం తడవకుండా తల మీద పెట్టుకున్నాడు.

"ఇంకా ఎంత దూరం రాజలింగూ?"

"నీళ్ళు కూడా గట్లనే అడుగుతయి సారూ" అన్నాడు ముసలాయన.

గుట్ట చుట్టూ తిరిగారు. కాలువలో నీళ్ళు తగ్గి, బురదై, బురద కూడా ఎండి, అడుగున మట్టి పెళ్ళలు లేచి ఉన్నాయి. చివరికి ఒక మడి వచ్చింది. వరి ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. నేల మీద నెర్రెల్లో వేలు పడుతుంది. మడి మధ్యలో ఒక ఆడమనిషి తలమీద తువ్వాల కప్పుకుని, అటు తిరిగి కూర్చుని ఉంది.

విద్యాసాగర్ తల మీది ఫోను దించాడు. లైవ్ పెట్టాడు. రాగులపల్లె గ్రూపులో అప్పటికే స్వరూప తరఫున ఓదేలు ఒక మాట వదిలాడు: 'అందరూ సాగరన్న చానెల్ చూడుండ్రి'. నలభై ఒక్కమంది దాటని చానెల్‌కు ఆ పొద్దు మూడు వందల మంది వచ్చారు. అంకె చూసి అతనికి ఆవేశం తన్నుకొచ్చింది.

"మిత్రులారా! చూడండి! ఇదీ మన సమాజం! ఈ సోదరి నోరు లేని మనిషి. ఈమె గోడు ఎవరైనా విన్నారా? వినలేదు! ఈమెను ఎవరైనా అడిగారా? అడగలేదు! ఈమె తరఫున నేను మాట్లాడతాను. ఎవరో ఒక మూర్ఖుడు, ఈ నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టకుండా, గదిలో కూర్చుని ఈమె బతుకు మీద నిర్ణయం చేశాడు. వాడెవడో ఈ రోజు తేలాలి! అమ్మా, ఇటు తిరుగు. ఈ మడి ఎవరిది? చెప్పు తల్లీ, భయపడకు!"

ఆవిడ లేచి తువ్వాల తీసి, ఇటు తిరిగింది.

"నాదే. ఆ మూర్ఖుడెవడో కూడా నేనే చెప్పాల్నా?" అంది స్వరూప.

విద్యాసాగర్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. జీవితంలో మొదటిసారి అందులోంచి మాట రాలేదు. ఊళ్ళో, కటింగ్ షాపులో, పంచాయతీ ఆఫీసు మెట్ల మీద ఫోన్లు పట్టుకున్న జనం పగలబడి నవ్వారు. రోడ్డు మీంచి తప్ప ఎన్నడూ చూడని ఆ మడిని, గుట్ట వైపు నుంచి వచ్చేసరికి అతను గుర్తుపట్టనే లేదు.

"స్త్రీకి ఓటుండాలె అని ఏడు వీడియోలు పెట్టినవ్" అంది స్వరూప. "నా ఓటు నువ్వెట్ల ఏసినవ్? దేనికేసినవ్? నీ యాప్ చెప్తది గదా, చూడు. ఫోను అబద్ధం చెప్పదు గదా!"

విద్యాసాగర్ యాప్ తెరిచాడు. స్వరూప పేరు. పక్కన అతని నంబరు. ఓటు: తూము దగ్గరి నుంచి. ఆ కింద పచ్చ టిక్కు. పాదాల కింద నెర్రెలు వాసిన నేల. ఫోను వంక చూశాడు, నేల వంక చూశాడు. ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు.

"నేను... రోడ్డు పక్కనే కదా అనుకున్నాను" అన్నాడు చిన్నగా.

"మూడుసార్లు చెప్పిన. తలకాయ ఊపినవ్."

"వినలేదు స్వరూపా." సిగ్గుతో అతని ముఖం కందిపోయింది. గట్టు మీద కూలబడి రాజలింగు వైపు తిరిగాడు. "కాకా, కొస నుంచి ఎందుకు పారిస్తారు?"

అడిగి ఊరుకున్నాడు. రాజలింగు కూడా అలవాటు కొద్దీ కాసేపు ఊరుకున్నాడు, ఇతనే చెబుతాడేమోనని. ఇతను చెప్పలేదు. ఎదురుచూశాడు. అప్పుడు ముసలాయన గట్టు మీద చతికిలబడ్డాడు.

"చెరువుల నీళ్ళు ఎత్తు ఉన్నప్పుడే కాలువల ఉరుకుడు ఉంటది బిడ్డా. అప్పుడే కొసకు అందుతయి. చెరువు దిగినంక నీళ్ళు తూము పక్కకే పోతయి, కొసకు పోనే పోవు. అదొకటి. మొదటోనికి ఆఖరు వంతు ఉంటే, వాడు కాలువ పొడుగునా కావలుంటడు. వాని ఆశే మనకు కావలి. ముందే కడుపు నిండితే వాడెందుకు తిరుగుతడు? ఇదే మా తాత చెప్పిండు. ఆనాడు సభల ఇదే చెప్దామనుకున్న."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్పనిస్తే కద!"

స్వరూప ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

"ఇప్పుడేమైనా దారి ఉందా కాకా?" అని అడిగాడు విద్యాసాగర్. మళ్ళీ జవాబు కోసం ఆగాడు.

"చెరువుల ఇంకొక తడికి నీళ్ళున్నయి. మొదటోళ్ళందరూ రెండొద్దులు గండ్లు మూసుకుంటే కొస దాక గుంజుకరావచ్చు. ఒక్కడు తెరిచినా రావు. కానీ వాళ్ళు మూస్తరా? ఓట్లల్ల గెలిచినోళ్ళాయె."

విద్యాసాగర్ వట్టికాళ్ళతోనే బాల్రెడ్డి ఇంటికి పోయాడు. బాల్రెడ్డి అరుగు మీద కూర్చుని అప్పటికీ ఆ వీడియోనే మళ్ళీ చూసుకుంటున్నాడు.

"రా సాగరూ! ఆ మూర్ఖుడెవడో దొరికిండా?"

"దొరికాడు. మీ ముందే నిలబడ్డాడు. రెండు రోజులు గండి మూసుకోండి బాల్రెడ్డన్నా, దండం పెడతాను."

"అదెట్ల? ప్రజల తీర్పును గౌరవించాలె అన్నవ్. యంత్రానికి అత్త లేదు, బావమరిది లేడు అన్నవ్."

"అన్నాను. యంత్రానికి కడుపు కూడా లేదన్నా. అది చెప్పడం మరిచాను. కొసన మా స్వరూపది ఒక్కటే కాదు, ఇరవై కుటుంబాల తిండి ఉంది. నేను మీకు అభిప్రాయం చెప్పడానికి రాలేదు. అడుక్కోవడానికి వచ్చాను."

బాల్రెడ్డి నవ్వు ఆపాడు. నడుము దాకా బురద, ఒంటి మీద ముళ్ళ గీతలు, చెప్పుల్లేని కాళ్ళు చూశాడు.

"మా మడి కూడా నీళ్ళెక్కువై పనికిరాకుండ అయితున్నదిలే. యూరియా అంతా వాగు పాలైంది. రాజలింగు ఉంటే రెండో గంటకే వచ్చి తిట్టి మూయించేటోడు" అన్నాడు. "మూస్తపో. కానీ మిగిలినోళ్ళను నువ్వే అడగాలె. గ్రూపుల మెసేజి కాదు. ఇంటింటికీ పోయి అడుగు."

ఇంటింటికీ పోయాడు. ప్రతి ఇంట్లోనూ, "ఆ మూర్ఖుడెవడన్నా?" అని అడిగారు. ప్రతి ఇంట్లోనూ "నేనే" అన్నాడు. ముప్పై ఎనిమిది ఇళ్ళల్లో ముప్పై ఎనిమిదిసార్లు అన్నాడు. ఎనిమిదో ఇంటికి వచ్చేసరికి సిగ్గు పోయింది, ఇరవయ్యో ఇంటికి అతనికే నవ్వొచ్చింది.

మోటారు ఊడదీశారు. ఇనుప హ్యాండిల్ మళ్ళీ రాజలింగు భుజమెక్కింది. రెండు పగళ్ళు విద్యాసాగర్ పార పట్టుకుని, రాజలింగు వెనకాలే కాలువ పొడుగునా తిరిగాడు. కారే చోట మట్టి వేశాడు, అడ్డం పడ్డ చెత్త తీశాడు. రెండోరోజు పొద్దు గుంకే ముందు, నీళ్ళు గుట్ట మలుపు తిరిగి, ఎండిన మట్టిని తడుపుకుంటూ స్వరూప మడిలోకి జారాయి. స్వరూప ఆ నీళ్ళల్లో చెయ్యి పెట్టి, తడి చేత్తో కళ్ళు తుడుచుకుంది. విద్యాసాగర్ దాన్ని వీడియో తియ్యలేదు.

అయినా తప్పు తప్పే. ఆ కోతకు స్వరూప మడి సగం తాలు పోయింది. మిగిలిన సగంతో ఏడాది ఎలాగో నెట్టుకొచ్చారు. విద్యాసాగర్ సెంటర్‌లో చాయ్ మానేసి, రాత్రి అన్నంలో రెండు ముద్దలు తగ్గించాడు. పండిన వడ్లల్లో మొదటి కుంచం మాత్రం స్వరూప అతని చేతనే రాజలింగుకు కొలిపించింది.

యాప్ పోలేదు. ఇప్పటికీ ఉంది. రోజూ పొద్దున రాజలింగు సెంటర్‌కు వచ్చి, "ఇయ్యాల ఎర్రమళ్ళ వంతు" అని చెబుతాడు. అది విద్యాసాగర్ యాప్‌లో పెడతాడు. ఊరంతా ఫోన్లల్లో చూసుకుని పార పట్టుకుని బయలుదేరుతుంది. స్వరూప పేరు పక్కన ఇప్పుడు స్వరూప నంబరే ఉంది.

ఒకరోజు కటింగ్ షాపులో ఓదేలు, ఊరికే ఉండలేక, "అన్నా, కల్లు గీసే యంత్రం వచ్చిందట. గీత కార్మికులకు మంచిదా, చెడ్డదా?" అని అడిగాడు.

విద్యాసాగర్ నోరు తెరిచాడు. మూశాడు.

"నాకు తెలియదు ఓదేలూ. చెట్టెక్కేవాళ్ళను అడిగి వచ్చి చెబుతాను."

ఓదేలు చేతిలో దువ్వెన కింద పడింది.

అందుకే పెద్దలైనా, పిల్లలైనా ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవాలి: ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నామో ముందు వాళ్ళను అడగాలి, అడిగాక జవాబు వినాలి, ఆ తరువాతే అభిప్రాయం చెప్పాలి.